ముందే కట్టిన భోజనం – లాభమా, నష్టమా?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో, ‘విదేశీ ప్రయాణాలు – పెన్షనర్లు’ అనే అంశంపై ఒక విశ్రాంత గణాంకాధికారి చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



ఇంతకు ముందు మాట్లాడిన మిత్రులు వీసా గురించి, ప్రయాణపు ఇన్సూరెన్సు గురించి, మందుల చీటీలు వెంట పెట్టుకోవడం గురించి చక్కగా వివరించారు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన విషయం చిన్నది. అయితే భోజనానికి సంబంధించినది కనుక చిన్నదిగా తీసెయ్యడానికి వీల్లేదు. అందులోనూ మధ్యాహ్న భోజనానికి ముందు మాట్లాడమన్నారు కనుక మీరంతా శ్రద్ధగా వింటారనే ధైర్యం ఉంది.

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనం వెళ్ళి నాలుగైదు నెలలు ఉంటాం. ఆ నెలల్లో పిల్లలకు వారం రోజులు సెలవు దొరికిందంటే ఎక్కువగా వినిపించే మాట “ఓర్లాండో వెళదాం నాన్నా” అని. ఫ్లారిడా రాష్ట్రంలో ఓర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. 1971 అక్టోబరు 1న తెరిచారు. అదొక తోట కాదు, నాలుగు తోటలు: మాజిక్ కింగ్‌డమ్, 1982లో వచ్చిన ఎప్‌కాట్, 1989లో వచ్చిన సినిమా తోట, 1998లో వచ్చిన యానిమల్ కింగ్‌డమ్. వాటి చుట్టూ డిస్నీవారి సొంత హోటళ్ళు చాలా ఉన్నాయి. ఆ హోటళ్ళలో గది తీసుకునేవాళ్ళను “భోజనం ప్లాన్ కూడా తీసుకుంటారా?” అని అడుగుతారు. రోజుకు తలకింత అని ముందే కట్టేస్తే, ఆ తరువాత అక్కడి హోటళ్ళలో, తోటల్లో టికెట్టు చూపించి తినవచ్చు.

అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుని, “నాన్నా, మీరు అకౌంట్స్‌లో పని చేశారు కదా, ఇది తీసుకుంటే మిగులుతుందా?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేటట్టు మిమ్మల్ని తయారుచేయడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ప్లాన్‌లో ఏమి ఇస్తారు

ఈ పద్ధతి ఇప్పటి రూపంలో 2005లో వచ్చింది. కరోనా కారణంగా 2020 మార్చిలో తోటలు మూసినప్పుడు ఆగిపోయింది. మళ్ళీ 2024 జనవరి 9 నుంచి మొదలైంది. రెండు రకాలున్నాయి.

మొదటిది కౌంటర్ దగ్గర తెచ్చుకుని తినేది. మన సెల్ఫ్ సర్వీస్ హోటల్ అనుకోండి. ఒక్కో రాత్రికి ఒక్కో మనిషికి రెండు భోజనాలు, ఒక చిరుతిండి. 2024లో దీని ధర పెద్దవాళ్ళకు 57.01 డాలర్లు, పిల్లలకు 23.83 డాలర్లు.

రెండవది బల్ల దగ్గరికి తెచ్చి వడ్డించేది. ఒక్కో రాత్రికి ఒక వడ్డన భోజనం, ఒక కౌంటర్ భోజనం, ఒక చిరుతిండి. 2024లో పెద్దవాళ్ళకు 94.28, పిల్లలకు 29.69 డాలర్లు.

రెండింటిలోనూ తలకొక మగ్గు ఇస్తారు. దానితో ఉన్నన్నాళ్ళూ కాఫీ, టీ, కూల్‌డ్రింకు మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు. ధరలు ఏటా మారుతుంటాయి కనుక మీరు వెళ్ళే ఏటి ధర వేసుకోండి. నేను చెప్పే లెక్కకు 2024 ధరలు తీసుకుంటున్నాను. అంకెలు మారినా లెక్క కట్టే పద్ధతి మారదు.

మనలో పెద్దవాళ్ళకు మెస్ టికెట్లు గుర్తుండే ఉంటాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నెలకు అరవై టికెట్ల పుస్తకం కొనేవాళ్ళం. విడిగా తింటే ఒక ధర, పుస్తకం కొంటే కొంచెం తక్కువ. శని ఆదివారాలు ఊరికి పోయామా, ఆ టికెట్లు మెస్సువాడికి దక్షిణ. ఎవరు లాభపడేవారు? ఊరికి పోనివాడు, ఆకలి గట్టిగా ఉన్నవాడు. డిస్నీ ప్లాన్ కూడా అచ్చం ఆ టికెట్ల పుస్తకమే. దొర ఇంగ్లీషులో ఉంది, అంతే తేడా.

షరతులు చదవండి

సర్వీసులో ఉండగా మనం జీ.ఓ. వస్తే ముందు అనుబంధం చదివేవాళ్ళం. అసలు సంగతంతా అందులోనే ఉండేది. ఇక్కడా అంతే.

ఒకటి. టికెట్లు రాత్రుల లెక్కన ఇస్తారు, పగళ్ళ లెక్కన కాదు. నాలుగు రాత్రులుంటే అయిదు పగళ్ళు తిరుగుతాం. టికెట్లు నాలుగు రోజులవే. పైగా రోజుకు ఇచ్చేవి రెండు భోజనాలు. మూడో పూట మన చేతి డబ్బే. “తిండి ఖర్చంతా అయిపోయింది” అనుకుని బయలుదేరితే పొరబడ్డట్టే.

రెండు. ఒకే గదిలో, ఒకే బుకింగులో ఉన్న మూడేళ్ళు నిండిన ప్రతివారూ అదే ప్లాన్ తీసుకోవాలి. అబ్బాయికి కావాలి, అమ్మకు వద్దు అంటే కుదరదు. మూడేళ్ళలోపు పసివాళ్ళు మన పళ్ళెంలో తినవచ్చు, వాళ్ళకు డబ్బు కట్టనక్కరలేదు.

మూడు. డిస్నీవారి లెక్కలో మూడు నుంచి తొమ్మిదేళ్ళ వరకే పిల్లలు. పదో ఏడు వస్తే పెద్దవాళ్ళ ధర. పదేళ్ళ మనవరాలు రెండు ముద్దలు తిని లేచినా ఆరడుగుల అల్లుడుగారి ధరే కట్టాలి.

నాలుగు. వడ్డన భోజనంలో వచ్చేది ఒక ప్రధాన వంటకం, ఒక తీపి, ఒక పానీయం. ముందుగా తెప్పించుకునే సూప్‌లు, సలాడ్లు లెక్కలోకి రావు. కొన్ని ఖరీదైన హోటళ్ళలో ఒక భోజనానికి రెండు టికెట్లు తీసుకుంటారు.

అయిదు. టిప్పు ప్లాన్‌లో కలవదు. అక్కడ వడ్డించేవాళ్ళకు బిల్లు మీద నూటికి 18 నుంచి 20 వరకు ఇవ్వడం మర్యాద. ఆరుగురు, అంతకు మించి కూర్చుంటే 18 శాతం వాళ్ళే బిల్లులో వేస్తారు. ప్లాన్ మీద తిన్నా, రొక్కం మీద తిన్నా ఈ ఖర్చు ఒకటే.

ఆరు. మగ్గు హోటల్లోనే పనికి వస్తుంది, తోటలో నింపరు. పొద్దున ఎనిమిదింటికి తోటకు పోయి రాత్రి తొమ్మిదింటికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాడికి దానితో ఒక కాఫీ దక్కితే గొప్ప.

ఏడు. మిగిలిన టికెట్లు గది ఖాళీ చేసే రోజు అర్ధరాత్రితో చెల్లకుండా పోతాయి. డబ్బు వాపసు లేదు. ఇది మనకు చెప్పనక్కరలేదు కదా! మార్చి 31 రాత్రి గ్రాంటు మురిగిపోకుండా మనం పడ్డ అవస్థ మరిచిపోతామా? అవసరం లేని బల్లలు, కుర్చీలు, అలమరాలు ఆ వారంలోనే కొనేవాళ్ళం. అక్కడా ఆఖరి రోజున జనం కావలసినవీ అక్కరలేనివీ చిరుతిళ్ళు సంచుల్లో నింపుకుని విమానం ఎక్కుతారు. దేశాలు వేరైనా మనిషి స్వభావం ఒకటే.

ఎనిమిది. వడ్డన హోటళ్ళలో చోటు ముందే చెప్పి ఉంచుకోవాలి. అరవై రోజుల ముందు నుంచి ఇస్తారు. పేరున్న హోటళ్ళు త్వరగా నిండిపోతాయి. టికెట్టు చేతిలో ఉన్నా కుర్చీ దొరక్కపోతే టికెట్టు కాగితంతో సమానం.

ఇక లెక్క

లెక్క కట్టడానికి రెండు నిలువు గీతలు చాలు. ఎడమవైపు ప్లాన్ ధర. కుడివైపు మనం ఎలాగూ తినబోయేవాటి ధర, దానికి పన్ను. డిస్నీ తోటలున్న ప్రాంతంలో అమ్మకం పన్ను 6.5 శాతం. ప్లాన్ ధరలో పన్ను కలిసే ఉంటుంది కనుక కుడివైపు కూడా కలపాలి. రెండువైపులా సమానంగా వచ్చే టిప్పును కొట్టెయ్యవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. కుడివైపు రాయవలసింది “ప్లాన్‌లో ఇచ్చేవాటి ధర” కాదు. “ప్లాన్ లేకపోతే మనం నిజంగా కొనేవాటి ధర”. ప్రకటనల్లో చూపించే ఆదా అంతా మొదటి లెక్క మీద. మన జేబులో మిగిలే ఆదా రెండో లెక్క మీద. తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు నేను వేసే వంటకాల ధరలు ఉదాహరణకు తీసుకున్న గుండు అంకెలు. మీ పిల్లల చేత అక్కడి మెనూలు చూపించుకుని అసలు అంకెలు వేసుకోండి.

మొదట కౌంటర్ ప్లాన్. శాకాహారి అయిన పెద్దవారు ఒకరు. వంటకం 13 డాలర్లు, కూల్‌డ్రింకు 5, వెరసి 18. రెండు పూటలకు 36. చిరుతిండి 6. మగ్గు ధర 22 అనుకుని నాలుగు రాత్రులకు పంచితే రోజుకు 5.50. మొత్తం 47.50. పన్నుతో 50.59. ప్లాన్ ధర 57.01. అన్నీ తిని, అన్నీ తాగినా రోజుకు 6.42 డాలర్లు నష్టం.

మనలో ఎంతమంది రెండు పూటలా కూల్‌డ్రింకు తాగుతారు? మంచినీళ్ళు తాగే మనిషి లెక్క చూడండి. అక్కడ కౌంటర్ దగ్గర అడిగితే గ్లాసుడు ఐసు నీళ్ళు ఉచితంగా ఇస్తారు. రెండు వంటకాలు 26, చిరుతిండి 6, మొత్తం 32. పన్నుతో 34.08. నష్టం రోజుకు 22.93 డాలర్లు.

మరి లాభం ఎవరికి? ఇరవై ఒక్కేళ్ళు నిండినవారికి పానీయం కింద బీరు, వైన్ వంటివి కూడా ఇస్తారు. 16 డాలర్ల మాంసాహారం, 12 డాలర్ల బీరు రెండు పూటలా తీసుకునేవాడికి పన్నుతో 71.89 అవుతుంది. అతనికి రోజుకు 14.88 లాభం. అంటే ఏమిటన్నమాట? ప్లాన్ ధర కట్టేటప్పుడు అందరి తిండీ కలిపి సగటు తీస్తారు. ఆ సగటులో బీరు తాగేవాడి ఖర్చు కొంత పెరుగన్నం తినేవాడి నెత్తిన పడుతుంది. ఫుల్ మీల్స్ హోటల్లో నాలుగుసార్లు అన్నం వేయించుకునేవాడి పక్కన అరకప్పు అన్నం తిని లేచేవాడు కూర్చున్నట్టు. ఇద్దరిదీ ఒకటే బిల్లు. అరకప్పు వాళ్ళ కోసమే ప్లేట్ మీల్స్ పెట్టారు.

ఇక వడ్డన ప్లాన్. మామూలు హోటల్లో శాకాహార వంటకం 25, తీపి 10, పానీయం 5, మొత్తం 40. కౌంటర్ భోజనం 18, చిరుతిండి 6, మగ్గు వాటా 5.50. పన్నుతో 74.02. ప్లాన్ 94.28. రోజుకు 20.26 నష్టం. తీపి మనం ఇంట్లో తింటామా అన్నది వేరే ప్రశ్న. మన సభ్యుల్లో సగం మంది డాక్టరు దగ్గర తినబోమని మాటిచ్చినవాళ్ళే.

అయితే ఇంకో రకం భోజనం ఉంది. మిక్కీ మౌసు వంటి వేషధారులు బల్ల దగ్గరికి వచ్చి పిల్లలతో ఫొటోలు దిగే బఫేలు. వాటికి పెద్దవాళ్ళకు 65, పిల్లలకు 42 అనుకుందాం. వీటిలో చాలావాటికి ఒక టికెట్టే తీసుకుంటారు. అలాంటి రోజున పెద్దవాళ్ళ ఖర్చు పన్నుతో 100.64. ప్లాన్ మీద 6.36 లాభం. పిల్లలకు బఫే 42, కౌంటర్ భోజనం 9, చిరుతిండి 6, మగ్గు వాటా 5.50, పన్నుతో 66.56. పిల్లల ప్లాన్ 29.69 మాత్రమే. ఒక్కరోజుకే 36.87 లాభం. పిల్లవాడి టికెట్టులో ఉన్న లాభం పెద్దవాళ్ళ టికెట్టులో లేదు. పిల్లవాడికి ఒక్కడికే ప్లాన్ ఇవ్వమని వాళ్ళు ఎందుకు ఒప్పుకోరో ఇప్పుడు బోధపడింది కదా!

ఒక కుటుంబం లెక్క

అబ్బాయి, కోడలు, ఏడేళ్ళ మనవడు, మనమిద్దరం. నాలుగు రాత్రులు. అయిదుగురికీ వడ్డన ప్లాన్ తీసుకుంటే 1627.24 డాలర్లు. డాలరు 85 రూపాయల చొప్పున వేసినా లక్షా ముప్పై ఎనిమిది వేల పైమాట. నవ్వకండి, మనలో కొందరికి అది నాలుగైదు నెలల పెన్షను.

నాలుగు రోజుల్లో రెండు రోజులు బఫే, రెండు రోజులు మామూలు వడ్డన అనుకుందాం. పెద్దవాళ్ళలో ఒక్కొక్కరికి మామూలు రోజుల్లో 40.52 నష్టం, బఫే రోజుల్లో 12.72 లాభం, నికరం 27.80 నష్టం. నలుగురికి 111.20. మనవడికి బఫే రోజుల్లో 73.74 లాభం. మామూలు రోజున వాడి వడ్డన భోజనం 15 అనుకుంటే రోజుకు 8.12 లాభం, రెండు రోజులకు 16.24. వెరసి 89.98. మొత్తం కుటుంబం మీద 21.22 డాలర్లు నష్టం. 1627 మీద 21 అంటే సరికి సరి అనే చెప్పాలి. కానీ ఒక షరతు. అందరూ అన్నీ తినాలి. ఒక్క టికెట్టూ మురిగిపోకూడదు.

ఇప్పుడు ఇదే లెక్కను గదులుగా విడదీసి చూడండి. అయిదుగురంటే చాలాసార్లు రెండు గదులు ఎలాగూ కావాలి. పిల్లల గది: దంపతులకు 55.60 నష్టం, మనవడికి 89.98 లాభం, నికరం 34.38 లాభం. వాళ్ళకు ప్లాన్ కలిసివస్తుంది. మన గది: ఇద్దరికి నాలుగు రాత్రులకు ప్లాన్ ధర 754.24. ప్లాన్ లేకుండా, మన పద్ధతిలో కౌంటర్ దగ్గర తిని మంచినీళ్ళు తాగుతూ, మనవడితో ఆ రెండు బఫేలకు మాత్రం డబ్బిచ్చి వెళితే 494.16 అవుతుంది. 260 డాలర్లు మిగులు. ఇరవై రెండు వేల రూపాయలు. ఆ మామూలు వడ్డన రోజుల టిప్పు కూడా మిగులుతుంది.

కనుక ఈ కుటుంబానికి నా సలహా: వాళ్ళ గదికి ప్లాన్, మన గదికి రొక్కం. రెండు గదులూ వేర్వేరు బుకింగులుగా చేయించాలి. ఒకే గదిలో సర్దుకునేటట్టయితే విడదీయడానికి వీలుండదు. అప్పుడు ప్లాన్ వద్దనుకోవడమే మేలు.

“ఉచితం” అనే మాట గురించి ఒక్క ముక్క. కొన్ని సీజన్లలో భోజనం ప్లాన్ ఉచితం అని ప్రకటనలు వచ్చేవి. 2026లో వచ్చేవారికి మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల ప్లాన్ ఉచితమని, పెద్దవాళ్ళు ప్లాన్ కొనాలని ప్రకటించారు. ఇటువంటివాటికి సాధారణంగా గది, టికెట్లు తగ్గింపు లేని ధరకు తీసుకోవాలనే షరతు ఉంటుంది. అదే తేదీలకు గది మీద తగ్గింపు దొరుకుతుంటే, ఆ తగ్గింపు ఎంతో, ఉచిత భోజనం విలువ ఎంతో పక్కపక్కన రాసి చూడండి. బావమరిదికి చీర పెట్టి చెల్లెలికి పంచె పెట్టినా ఖర్చు ఒకరి జేబులోదే.

లెక్కకు అందనివి

నేను ముప్పై మూడేళ్ళు అంకెలతో బతికాను. అయినా ఈ విషయంలో అంకెలు సగం మాటే చెబుతాయి.

మన సంఘ సభ్యులొకరి శ్రీమతిగారికి మధుమేహం. పిల్లలతో వెళ్ళినప్పుడు ప్రతి బోర్డు మీదా ధర చూడటం, ఎనభై అయిదుతో గుణించడం, “నాకు ఆకలిగా లేదమ్మా” అనడం. రెండో రోజు మధ్యాహ్నం ఎండలో క్యూలో నిలబడి చెమటలు పట్టి కూలబడ్డారు. మాత్ర వేసుకుని భోజనం మానేశారు. కోడలు చక్కెర కలిపిన పళ్ళరసం తాగించి, పక్కన కూర్చుని ఏడ్చిందట: “అత్తయ్యా, మీరు తినకపోతే మిగిలేది మాకు అక్కరలేదు” అని. మరుసటి ఏడు వాళ్ళు ప్లాన్ తీసుకున్నారు. లెక్క ప్రకారం నష్టమే. కానీ ఆవిడ ధర చూడకుండా వేళకు తిన్నారు. ఆ కోడలి లెక్క తప్పని నేను అనలేను.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. ముందే కట్టాం కదా అని అక్కరలేని తీపి తినడం, అరగని పూట కూడా కూర్చోవడం. “కట్టిన డబ్బు పోతుందే” అని కడుపును శిక్షించడం. డబ్బు కట్టిన రోజునే పోయింది. తినడం వల్ల అది తిరిగి రాదు. లంఖణం పరమౌషధం అని మన పెద్దలు అన్నది ఇటువంటి రోజులకే.

కాలానికీ ధర ఉంది. వడ్డన భోజనానికి గంటన్నర పడుతుంది. తోట టికెట్టు రోజుకు 150 డాలర్లు, తిరిగేది పది గంటలు అనుకుంటే గంటకు 15 డాలర్లు. మనవడు రైలెక్కాలని గంతులు వేస్తుంటే బల్ల దగ్గర బిల్లు కోసం కూర్చోవడం ఆదా కాదు. కాకపోతే మోకాళ్ళ నొప్పులున్నవారికి చల్లని గదిలో గంటన్నర కూర్చోవడం ఒక వరం. ఎవరి మోకాళ్ళు వాళ్ళకు తెలుసు.

రెండువైపులా మేలు జరిగే మార్గం ఒకటి చెబుతాను. ప్లాన్ బదులు, అంతే సొమ్ముకో, కొంచెం తక్కువకో డిస్నీవారి గిఫ్టు కార్డు కొని పిల్లల చేత ముందే ఇప్పించుకోండి. తిండి ఖర్చంతా దానితోనే. ముందే కట్టేసిన నిశ్చింత ఉంటుంది, ధర చూసి మానేయడం ఉండదు, మిగిలిన సొమ్ము అర్ధరాత్రికి మురిగిపోదు. దానికి గడువు లేదు.

మన వంటిల్లు మనతో

డిస్నీ తోటల్లోకి బయటి తిండి తీసుకుపోనిస్తారు. గాజు సీసాలు, మద్యం మాత్రం కుదరదు. పులిహోర డబ్బా నిక్షేపంగా పోతుంది. ఆవకాయ తీసుకెళ్ళేవారు ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకోండి. హోటల్ గదుల్లో చిన్న ఫ్రిజ్, కాఫీ కాచుకునే యంత్రం ఉంటాయి. పెరుగు, బ్రెడ్డు, అరటిపళ్ళు దుకాణంలో కొని పెట్టుకుంటే ఉదయం ఫలహారం అయిపోతుంది. మూడో పూట సమస్య తీరుతుంది.

శాకాహారులు భయపడనక్కరలేదు. పూర్తి శాకాహార వంటకాలకు 2019 నుంచి మెనూలో ఆకు గుర్తు పెడుతున్నారు. గుడ్డు, పాలు కూడా లేనివే ఆ గుర్తు కిందకు వస్తాయి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే హోటల్లో మన వంటల పోలికలతో భోజనం దొరుకుతుంది. కారం విషయంలో ఆశలు పెట్టుకోకండి, అంతే.

మన దేశంలోనూ ఇదే సూత్రం

అమెరికా వెళ్ళనివారు ఈ మాటలు మనకెందుకు అనుకోవద్దు. ఇక్కడ హోటళ్ళ ప్యాకేజీల్లో ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గది, ఉదయం ఫలహారం. ఎంఏపీ అంటే ఫలహారంతో పాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలా. పొద్దున్నే గది వదిలి రాత్రికి తిరిగి వచ్చే యాత్రకు ఏపీ తీసుకుంటే మధ్యాహ్న భోజనం హోటల్‌వాడికి వదిలేసినట్టే. వందే భారత్, రాజధాని రైళ్ళలో కూడా టికెట్టు తీసుకునేటప్పుడే భోజనం వద్దనే అవకాశం ఉంది. ఇంటి నుంచి చపాతీలు తెచ్చుకునేవారు ఆ గడి దగ్గర ఒక్కక్షణం ఆగండి. మన ప్రాంతంలోని వినోద ఉద్యానాల్లో కొన్నిచోట్ల బయటి తిండిని లోపలికి రానివ్వరు. అక్కడ భోజనం కలిసిన టికెట్టు నిజంగానే లాభం కావచ్చు. గేటు దగ్గర కాకుండా ఇంట్లోనే కనుక్కుని బయలుదేరండి.

ఇంతకీ సారాంశం నాలుగు ముక్కలు:

1. మనం ఎలాగూ తినేవాటి ధర మాత్రమే లెక్కలో వేయండి.
2. రాత్రులెన్ని, పగళ్ళెన్ని, మూడో పూట ఎక్కడ అన్నది చూడండి.
3. పదేళ్ళలోపు పిల్లలుండి, వేషధారుల బఫేలు రెండు మూడు ఖాయమైతే వాళ్ళ గదికి ప్లాన్ కలిసివస్తుంది. కొంచెం తినే పెద్దవాళ్ళ గదికి రాదు.
4. పది డాలర్లు అటూ ఇటూ అయినప్పుడు ఇంట్లో మనశ్శాంతి ఎటు ఉంటే అటు మొగ్గండి.

ఆఖరి మాట. లెక్కంతా బయలుదేరే ముందు ఇంట్లో, కాగితం మీద పూర్తి చేయండి. విమానం దిగిన తరువాత డాలరును రూపాయిల్లోకి మార్చవద్దు. పిల్లలు మనల్ని ఇంత దూరం తీసుకువెళ్ళేది మనం ఏం తిన్నామో చూసి సంతోషించడానికి. మనం పస్తుండి మిగిల్చిన డాలరు వాళ్ళ కంటికి ఆదాగా కనిపించదు.

 వంటవారు పిలుస్తున్నారు. ఇక్కడి భోజనం ఖర్చు మీ వార్షిక చందాలోనే ఉంది, టిప్పు లేదు. ఈ ఒక్క ప్లాన్‌లో మాత్రం మీకు నష్టం లేదని లెక్క కట్టకుండానే చెప్పగలను. సెలవు.

(ప్రసంగం తరువాత సభ్యులు అడిగిన రెండు ప్రశ్నలు, జవాబులు:

ప్ర: మేము డిస్నీ హోటల్లో కాకుండా మా అమ్మాయి స్నేహితుల ఇంట్లో ఉంటాం. మాకు ప్లాన్ ఇస్తారా?
జ: ఇవ్వరు. డిస్నీవారి హోటల్లో గది తీసుకున్నవారికే. మీరు పులిహోరతో నిశ్చింతగా వెళ్ళవచ్చు.

ప్ర: పెద్దవాళ్ళం పిల్లల భోజనం తెప్పించుకోవచ్చా?
జ: కౌంటర్ల దగ్గర రొక్కం ఇచ్చి కొనేటప్పుడు సాధారణంగా ఇస్తారు. కొంచెం తినేవారికి అది సరిపోతుంది, ఖర్చూ తక్కువ. ప్లాన్ లేకుండా రొక్కం మీద తినేవారికి ఉన్న సౌకర్యాల్లో ఇదొకటి.)